గాయాలే లేకపోతే డెల్ పోట్రో ఎన్ని గెలిచేవాడు?

తమ్ముడూ, నీ ప్రశ్న నిన్న రాత్రి చదివి, పొద్దున మళ్ళీ చదివాను. గాయాలే లేకపోతే అర్జెంటీనా టెన్నిస్ ఆటగాడు డెల్ పోట్రో ఎన్ని గ్రాండ్‌స్లామ్‌లు, అంటే ఏడాదికి నాలుగే జరిగే ఆ పెద్ద టోర్నమెంట్లు, కొట్టేవాడు, మణికట్లను బాగుచేయగలిగిన డాక్టర్లు మోకాలిని ఎందుకు బాగుచేయలేకపోయారు, అతని చివరి మ్యాచ్ వీడియో ఇప్పుడు చూసినా ఏడుపు ఆగడం లేదు, ఇది మామూలేనా అని అడిగావు. కింద నీ మోకాలి నొప్పి గురించి కూడా ఒక లైను రాశావు. ఏడుపు సంగతి ముందు చెప్తాను. అది మామూలే. నాకు 56 ఏళ్ళు, గుంటూరులో 30 ఏళ్ళుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. నాకూ ఆగదు.

ఎన్ని గెలిచేవాడన్న లెక్క 2009 యూఎస్ ఓపెన్ నుంచి మొదలుపెట్టాలి. అర్జెంటీనాలో తాండిల్ అనే ఊరి కుర్రాడు, ఆరడుగుల ఆరంగుళాల పొడుగు, ఇంకా 21 నిండలేదు. సెమీఫైనల్లో నాదల్‌ని 6-2, 6-2, 6-2తో పంపించేశాడు. ఫైనల్లో ఎదురుగా ఫెడరర్. అప్పటికి ఫెడరర్ ఆ టోర్నమెంటు వరసగా 5 సార్లు గెలిచాడు, అక్కడ 40 మ్యాచులుగా ఓడిపోలేదు. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైన ఆ ఫైనల్ తెల్లవారుజాము దాకా సాగింది. రెండుసార్లు వెనకపడి, రెండుసార్లూ సెట్ తేల్చే టైబ్రేక్‌లో లేచి, ఐదో సెట్ 6-2తో తీసుకెళ్ళాడు. పాలవాడు గేటు కొట్టే వేళకి నేను టీవీ ముందు నిలబడి ఉన్నాను, కూర్చుని చూసే మ్యాచ్ కాదది.

ఆ గెలుపు ఎంత పెద్దదో తర్వాత్తర్వాత తెలిసింది. 2005 ఫ్రెంచ్ ఓపెన్ నుంచి 2012 వింబుల్డన్ దాకా 30 గ్రాండ్‌స్లామ్‌లు జరిగాయి. అందులో 29 ఫెడరర్, నాదల్, జొకోవిచ్ ముగ్గురే పంచుకున్నారు. మిగిలిన ఆ ఒక్కటీ డెల్ పోట్రోది.

నాలుగు నెలలు తిరక్కుండా, 2010 జనవరిలో, ప్రపంచ 4వ ర్యాంకుకి ఎదిగిన సమయంలోనే కుడి మణికట్టు నొప్పి మొదలైంది. మేలో అమెరికాలో మాయో క్లినిక్‌లో ఆపరేషన్. ఏడాది దాదాపు మొత్తం పోయింది. 2011 మొదట్లో ర్యాంకు 485. అక్కణ్ణుంచి మళ్ళీ పైకొచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఫెడరర్‌తో మూడో సెట్ 19-17 దాకా ఆడి ఓడాడు. ఆ ఓటమి బరువు మోస్తూనే జొకోవిచ్‌ని ఓడించి కాంస్యం తీసుకున్నాడు. 2013 వింబుల్డన్ సెమీఫైనల్లో అదే జొకోవిచ్‌తో 4 గంటల 43 నిమిషాల మ్యాచ్. ఇక కుదురుకున్నాడు అనుకునేసరికి ఎడమ మణికట్టు. 2014 మార్చిలో ఒక ఆపరేషన్, 2015 జనవరిలో ఇంకొకటి, అదే ఏడాది జూన్‌లో మూడోది.

కుడిచేత్తో ఆడేవాడికి ఎడమ మణికట్టుతో ఏం పని అని చాలామంది అడుగుతారు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, అంటే ఎడమవైపు వచ్చిన బంతిని రెండు చేతులతో కొట్టే షాట్, ఆడేవాళ్ళకి అందులో అసలు తోపు ఎడమచేతిదే. రాకెట్ వెనక్కి తీసినప్పుడు ఎడమ మణికట్టు వెనక్కి వంగుతుంది, కిందికి జారుతుంది, బంతి తగిలే క్షణానికి ముందుకి విసురుతుంది. చిటికెనవేలి వైపు మణికట్టు ఎముక మీద చిన్న గాడిలో ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, ఉంటుంది. ఈ విసురుళ్ళ భారం చాలావరకు అక్కడే పడుతుంది, ప్రాక్టీసుతో కలిపి రోజుకి కొన్ని వందల సార్లు. మా దగ్గర ఏ పిల్లకైనా అక్కడ నొప్పంటే నేను చేయించే మొదటి పని తడి తువ్వాలు పిండమనడం. పిండుతుంటే మొహం ముడుచుకుందంటే ఆ రోజు బ్యాక్‌హ్యాండ్ బంద్, నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఈ పని నేను మొదట్నుంచీ చేయలేదు. చాలా ఏళ్ళ క్రితం 14 ఏళ్ల అమ్మాయి ఒకామె నా దగ్గర ఆడేది. బ్యాక్‌హ్యాండ్ చూస్తే కడుపు నిండిపోయేది. ఎడమ మణికట్టు నొప్పిగా ఉంది సార్ అంది. శనివారం టోర్నమెంటు. టేపు చుట్టి ఆడిద్దాం, అయ్యాక చూద్దాం అన్నాను నేను. ఆడింది, రెండు రౌండ్లు గెలిచింది కూడా. ఆ తర్వాత ఏడు నెలలు రాకెట్ పట్టుకోలేదు. ఆ ఏడు నెలల్లో వాళ్ళ నాన్నతో సహా కనిపించిన ప్రతివాళ్ళూ ఆమెని అడిగింది ఒకటే, మళ్ళీ ఎప్పుడు ఆడతావమ్మా అని. అందరికంటే ఎక్కువసార్లు అడిగింది నేనే. ప్రేమతోనే అడిగాను. కొన్నాళ్ళకి ఆ పిల్ల మా కోర్టు ఉన్న వీధి తప్పించి చుట్టూ తిరిగి బడికెళ్తోందని తెలిసింది. డెల్ పోట్రో గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది. ఎందుకో కిందికొచ్చాక చెప్తాను.

2016 ఫిబ్రవరిలో అతను తిరిగొచ్చేసరికి ర్యాంకు వెయ్యి దాటిపోయింది. వచ్చిన మనిషి పాత మనిషి కాదు. బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొట్టలేడు. కొడితే మణికట్టు ఒప్పుకోదు. అందుకని అటు బంతి వస్తే స్లైస్. ఎడమచెయ్యి రాకెట్‌ని వదిలేస్తుంది, కుడిచెయ్యి భుజం పైనుంచి కిందికి కోసినట్టు జారుతుంది, బంతి నెట్ మీంచి తేలుతూ వెళ్ళి అవతల మోకాలి కిందే ఉండిపోతుంది. ఎదుటివాడు దాన్ని ఎత్తాలి. ఎత్తాడంటే ఇటు కుడివైపు దెబ్బ, ఫోర్‌హ్యాండ్, సిద్ధంగా ఉంటుంది. ఆ ఫోర్‌హ్యాండ్ శబ్దం వేరు, టీవీలో విన్నా తెలిసిపోతుంది. ఒక కాలు కుంటిదైన కుర్చీని గోడకానించి వాడుకున్నట్టు, ఉన్న దాంతో ఆట మొత్తం మళ్ళీ కట్టుకున్నాడు. ప్రత్యర్థులందరికీ తెలుసు అతని బలహీనత ఎక్కడుందో. అటే కొట్టేవాళ్ళు. అయినా గెలిచేవాడు.

ఆ ఏడాది ఆగస్టులో రియో ఒలింపిక్స్. ర్యాంకు 141. మొదటి రౌండులోనే ప్రపంచ నంబర్ వన్ జొకోవిచ్. మ్యాచ్ ముందు క్రీడాగ్రామంలో లిఫ్టులో 40 నిమిషాలు ఇరుక్కుపోయాడు. బయటికొచ్చి 7-6, 7-6తో గెలిచాడు. జొకోవిచ్ కన్నీళ్ళతో కోర్టు వదిలాడు. తర్వాత సెమీఫైనల్లో నాదల్‌ని ఓడించి, ఫైనల్లో బ్రిటన్ ఆటగాడు ముర్రే చేతిలో ఓడి వెండి పతకం తీసుకున్నాడు. సెప్టెంబర్‌లో గ్లాస్గో వెళ్ళి, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో ముర్రేని అతని సొంత గడ్డ మీద 5 గంటల 7 నిమిషాల మ్యాచ్‌లో ఓడించాడు.

నవంబర్ 27, ఆదివారం, జాగ్రెబ్. ఇది నువ్వు చూడలేదని రాశావు, తప్పకుండా వెతికి చూడు. డేవిస్ కప్ ఫైనల్లో అర్జెంటీనా అంతకుముందు నాలుగుసార్లు ఓడింది. ఐదోసారి కూడా క్రొయేషియా మీద 2-1తో వెనకబడింది. నాలుగో మ్యాచ్‌లో చిలిచ్‌తో డెల్ పోట్రో రెండు సెట్లు పోగొట్టుకున్నాడు. రెండు సెట్లు పోయాక గెలవడం అతని కెరీర్‌లో అప్పటిదాకా ఒక్కసారి కూడా జరగలేదు. పైగా మ్యాచ్ మధ్యలో ఎడమచేతి చిటికెనవేలు విరిగింది. మూడు ఆపరేషన్లైన చెయ్యి అదే. అయినా మిగిలిన మూడు సెట్లూ 7-5, 6-4, 6-3తో గెలిచాడు. గ్యాలరీలో అర్జెంటీనా నుంచి వచ్చిన జనం డ్రమ్ములు, పాటలు, వాళ్ళ మధ్య నీలం తెలుపు చారల చొక్కాలో మారడోనా. నేను ల్యాప్‌టాప్ ముందు. స్ట్రీమింగ్ ఆగినప్పుడల్లా మా ఆవిడ స్కోరు ఫోన్లో చదివి చెప్పేది. ఆఖరి మ్యాచ్‌లో కార్లోవిచ్‌ని ఓడించి కప్పు ఖాయం చేసింది ఫెడరికో డెల్బోనిస్. ఈ పేరు గుర్తుపెట్టుకో.

2018లో ఎడమ మణికట్టు మీద నమ్మకం తిరిగొచ్చింది, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. ఇండియన్ వెల్స్ ఫైనల్లో ఇంకొక్క పాయింటు కొడితే టైటిల్ ఫెడరర్‌దే అన్న దశ మూడుసార్లు వచ్చినా కాచుకుని గెలిచాడు. ఆగస్టులో కెరీర్‌లో అత్యుత్తమంగా 3వ ర్యాంకు. నీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఈ ఏడాదిలోనే ఉంది. ఒంట్లో ఏ నొప్పీ పెద్దగా లేని ఆ 2018లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో నాదల్ చేతిలో ఓడాడు. వింబుల్డన్ క్వార్టర్స్‌లో ఐదు సెట్లు ఆడి మళ్ళీ నాదల్ చేతిలోనే ఓడాడు. యూఎస్ ఓపెన్ ఫైనల్లో జొకోవిచ్ చేతిలో ఓడాడు. కాబట్టి పది గెలిచేవాడు, పన్నెండు గెలిచేవాడు అని అభిమానులు రాసే లెక్కలు నేను నమ్మను. ఎదురుగా ఉన్నది ఆ ముగ్గురు. ఇంకో రెండు, కలిసొస్తే మూడు గెలిచి ఉండేవాడని నా అంచనా. అతని విలువ ఆ అంకెలో లేదు కాబట్టే ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను. అతనిలా 22 టైటిళ్ళు గెలిచిన ఆటగాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ దేశంలో ఆడినా అవతలివాడి సొంత జనం కూడా ఎవరి పేరు అరిచేవాళ్ళో గుర్తుందా? 2016 యూఎస్ ఓపెన్‌లో వావ్రింకాతో ఓడిపోతుంటే న్యూయార్క్ జనం అతని కోసం పాడారు, మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే అతను కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక మోకాలు. 2018 అక్టోబర్‌లో షాంఘైలో కోరిచ్‌తో ఆడుతూ పడ్డాడు, కుడి మోకాలి చిప్ప విరిగింది. ఎనిమిది నెలల తర్వాత, 2019 జూన్‌లో, లండన్ క్వీన్స్ క్లబ్ గడ్డి కోర్టు మీద షపోవలోవ్‌తో ఆడుతూ జారాడు. అదే చిప్ప మళ్ళీ విరిగింది. ఆ మ్యాచ్ అతను గెలిచాడు. విరిగిన మోకాలితో పూర్తిచేసి గెలిచిన ఆ మ్యాచే అతని జీవితంలో ఆఖరి గెలుపు.

మణికట్టు బాగైంది కదా, ఇదెందుకు కాలేదు అని అడిగావు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి, కండరాలు వదులుగా వదిలెయ్. రెండు వేళ్ళతో చిప్పని పట్టుకుని అటూ ఇటూ కదుపు, కదులుతుంది. ఇప్పుడు తొడ బిగించు. చిప్ప గట్టిగా దిగబడి కదలనంటుంది. అంటే తొడ కండరం లాగే తాడు మధ్యలో పెట్టిన కప్పీ లాంటిది ఆ ఎముక. నువ్వు మెట్టు దిగినా, ఎగిరి దిగినా, పరిగెత్తి ఒక్కసారిగా ఆగినా, ఒంటి బరువుకి కొన్ని రెట్లు భారం దాని వెనక భాగం మీద పడుతుంది. అందుకే అక్కడ కార్టిలేజ్, అంటే ఎముక చివర ఉండే మెత్తటి పొర, శరీరంలో ఇంకెక్కడా లేనంత మందంగా ఉంటుంది, గాజులా నున్నగా. చిక్కంతా అక్కడే. ఎముకకి రక్తనాళాలుంటాయి, విరిగితే అతుక్కుంటుంది. కార్టిలేజ్‌కి రక్తనాళాలుండవు, ఒకసారి గీరుకుపోతే తనంతట తాను మునుపటిలా పూడదు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికినట్టే కనిపిస్తుంది, లోపలి నునుపు మాత్రం తిరిగిరాదు. పేషెంటుకి మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మణికట్టులో సమస్య టెండన్ల దగ్గర, అక్కడ సరిచేయడానికి అవకాశం ఎక్కువ. అందులోనూ మణికట్టుకి స్లైస్ అనే పక్కదారి దొరికింది. మోకాలికి పక్కదారి లేదు, సర్వీసు నుంచి ఆఖరి అడుగు దాకా అన్నిటికీ అదే కావాలి.

ముర్రే తుంటికి లోహం వేయించుకుని తిరిగొచ్చాడు కదా అంటారు. నిజమే, 2019 జనవరిలో ఆపరేషన్, అదే అక్టోబర్‌లో ఆంట్‌వెర్ప్ టైటిల్. తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది, దాని పై పొర మార్చే పద్ధతి బాగా కుదిరింది. మోకాలు అంత సరళమైన కీలు కాదు. కృత్రిమ మోకాలు వేయించుకుంటే నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, టూర్ స్థాయి టెన్నిస్ మాత్రం ఆడలేం. ఆ వయసులో వేస్తే కొన్నేళ్ళకి అరిగిపోయి మళ్ళీ మార్చాల్సి వస్తుంది కూడా. కొందరు డాక్టర్లు వేయించుకోమన్నారని, ఇంకొందరు చిన్నవయసు, 50 దాకా ఆగమన్నారని అతనే చెప్పాడు.

2019 నుంచి 2021 మధ్య ఆ మోకాలికే నాలుగు ఆపరేషన్లు. మొదటి దాని తర్వాత మూడు నెలల్లో ఆడతావన్నారట, టోర్నమెంట్లకి పేరు కూడా ఇచ్చుకున్నాడు. అప్పుడు సోషల్ మీడియాలో అతని పేజీ కింద కామెంట్లు చూసేవాణ్ణి. స్పానిష్‌లో, ఇంగ్లీషులో, ఇంకా ఏవేవో భాషల్లో, అన్నిటి సారాంశం ఒకటే, ఎప్పుడొస్తున్నావ్? వేలల్లో ఉండేవి. ఒకసారి నేనూ రాశాను. రాసి పంపించాక, వీధి తప్పించి తిరిగి వెళ్ళిన ఆ అమ్మాయి మొహం కళ్ళముందు కదిలింది. తీసేశాను.

మనం ఆ మాట చెడ్డగా అనం. కానీ వినేవాడికి అది పరీక్ష ఫలితం అడిగినట్టుంటుంది. నాలుగో ఆపరేషన్ అయినవాడి దగ్గర చెప్పడానికి తేదీ ఉండదు, లేదని చెప్తే మన మొహం వాడిపోవడం చూడాలి. మణికట్టు రోజుల నుంచీ అతను ఎన్నోసార్లు తిరిగొచ్చాడు కాబట్టి మళ్ళీ వస్తాడని మనం అలవాటు పడిపోయాం. అతని ఓపికని మన హక్కు అనుకున్నాం. ఇది నన్ను నేను కూడా అనుకుంటున్న మాట.

2022 ఫిబ్రవరిలో బ్యూనస్ ఎయిరిస్‌లో ఆడతానన్నాడు. టోర్నమెంటుకి ముందు విలేకరుల దగ్గర ఏడుస్తూ, ఇది తిరిగి రావడం కంటే వీడ్కోలే కావచ్చు అన్నాడు. నొప్పి లేకుండా బతకాలని ఉందన్నాడు. మొదటి రౌండులో ఎదురుపడింది ఎవరో తెలుసా, డెల్బోనిస్. జాగ్రెబ్‌లో ఇతను నిలబెట్టిన ఆశని కప్పుగా మార్చినవాడే. తాండిల్ పక్కనున్న అసూల్ అతని ఊరు. పాపం అతనేం చేస్తాడు, తన ఆట తాను ఆడాలి. 6-1, 6-3తో అతనే గెలిచాడు. డెల్ పోట్రో పరిగెత్తలేకపోతున్నాడని మొదటి రెండు గేముల్లోనే అర్థమైపోయింది. అయినా ఒక్కో ఫోర్‌హ్యాండ్ తగిలినప్పుడు స్టేడియం మొత్తం లేచి నిలబడేది. మ్యాచ్ అయ్యాక నెట్ దగ్గరికి నడిచి, తలకి కట్టుకున్న హెడ్‌బ్యాండ్ విప్పి, నెట్ మీద వేసి వదిలేశాడు. నువ్వు చూసి ఏడ్చే వీడియో అదే. ఆ గుడ్డముక్క అక్కడ అలా వేలాడుతుంటే, మన ఇళ్ళల్లో పెద్దాయన పోయాక వంకెకి మిగిలిపోయిన కండువా గుర్తొచ్చింది నాకు. తర్వాతి వారం రియోలో కూడా ఆడాల్సింది, మానుకున్నాడు. మళ్ళీ ఏ టోర్నమెంటులోనూ ఆడలేదు.

2024 డిసెంబర్ 1న అదే నగరంలో జొకోవిచ్‌ని పిలిచి వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. దానికి ముందు ఒక వీడియోలో తన రోజు ఎలా ఉంటుందో చెప్పాడు. లేవగానే వేసుకునే మాత్రలు, మెట్లు ఎక్కలేకపోవడం, పరిగెత్తలేకపోవడం. అప్పటికి 36 ఏళ్ళు. ఇన్నాళ్ళూ గ్రాండ్‌స్లామ్‌లు పోయాయని బాధపడ్డవాణ్ణి, ఆ వీడియో చూశాక ఆ బాధ పక్కన పెట్టేశాను. పోయింది ట్రోఫీలు కాదు, ఒక మనిషి మామూలు నడక. అతను మన కోసం ఖర్చుపెట్టింది దాన్నే.

గాయం ప్రతివాళ్ళనీ ఇలాగే ఆపేస్తుందని కాదు. మన హైదరాబాద్ సానియా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలో ఆగిపోయింది. ఆ మణికట్టుకి ఆపరేషన్ అయింది. తర్వాత సింగిల్స్ వదిలి డబుల్స్‌లో ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళతో, 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో తనకి తానుగా ముగించింది. ఆమెకి పక్కదారి దొరికింది, దాన్ని ఆమె రాజమార్గం చేసుకుంది. డెల్ పోట్రోకీ మణికట్టు విషయంలో దొరికింది. ఎవరికి దొరుకుతుందో గాయం ఏ ఎముక వెనక దాక్కుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పట్టుదల ఒక్కటే సరిపోతే అతనింకా ఆడుతుండేవాడు.

ఆ అమ్మాయి సంగతి అడుగుతావేమో. మళ్ళీ టెన్నిస్ ఆడలేదు. ఇప్పుడు విశాఖలో ఫిజియోథెరపిస్ట్‌గా ఉంది. ఏదైనా పిల్లకి మణికట్టు నొప్పంటే నేను ఫోన్ చేసేది ఆమెకే. మొదటిసారి చేసినప్పుడు ఆమే అంది, పిల్లని తువ్వాలు పిండమనండి సార్, ఆడుతుందో లేదో ఇప్పుడే అడక్కండి అని.

ఇక నీ మోకాలు. ఆదివారాలు ఆడితే సోమవారం మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక నొప్పి, ఎక్కేటప్పుడు తక్కువ అన్నావు. సినిమాహాల్లో మూడు గంటలు కూర్చుని లేస్తే పట్టేసినట్టు ఉంటుందా? ఉంటే చిప్ప వెనక భాగం మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ ఆదివారం ఆడకు. వాపు ఉన్నా, మోకాలు మధ్యలో లాక్ అయినట్టున్నా ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు. అవేవీ లేకపోయినా రెండు వారాల్లో తగ్గకపోతే చూపించాల్సిందే. ఎక్కువసార్లు తొడ కండరం బలం పెంచే వ్యాయామాలతోనే సర్దుకుంటుంది, కానీ ఏ వ్యాయామం, ఎంత అన్నది చూసినవాళ్ళే చెప్పాలి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం ఆడొద్దు. డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి, చూసి చెప్తాను. మళ్ళీ ఎప్పుడు ఆడతావని నేను అడగను.